నక్షత్రాల గ్రాఫుల కాలం

ఈ మధ్య ఎవరి ప్రాజెక్టు రిపోర్టు చూసినా అందులో హిస్టోగ్రాం ఒకే పోలికలో ఉంటోంది. నీలం రంగు కడ్డీలు, లెక్కపెడితే సరిగ్గా పది. వయసులైనా పదే, జీతాలైనా పదే, వాన లెక్కలైనా పదే. పదే ఎందుకని అడిగితే పిల్లలు నా మొహంలోకి చూస్తారు. జవాబు వాళ్ల దగ్గర లేదు, గ్రాఫులు గీసే ప్రోగ్రాం మ్యాట్‌ప్లాట్‌లిబ్ దగ్గర ఉంది. ఎన్ని తరగతులు కావాలో మీరు చెప్పకపోతే అది పది చేసి చేతిలో పెడుతుంది. తరగతి అంతరం ఎంత ఉండాలని మా సెక్షన్లో పొద్దున మొదలై భోజనాల వేళ దాకా సాగిన వాదనలు నాకు తెలుసు. ఇప్పుడా వాదన ఏ ఆఫీసులోనూ వినపడదు. ఆ వాదన పెట్టుకోక తప్పని మిషన్లు పోయాయి, నక్షత్రం గుర్తులు పేర్చి వేసిన ఆ గ్రాఫులూ పోయాయి.

నేను చెబుతున్నది టొరంటో సంగతి. విశాఖలో స్టాటిస్టిక్స్ చదివి, అక్కడికి వెళ్లి ఒక ఇన్సూరెన్సు కంపెనీలో లెక్కల సెక్షన్లో పడ్డ రోజులవి. విశాఖలో మా ప్రాక్టికల్సన్నీ ఫేసిట్ మిషను మీద, గ్రాఫు షీటు మీద. ఫేసిట్ పిడి తిప్పుతుంటే గరగరమనేది, భాగహారంలో ఒక తిప్పు ఎక్కువైతే టింగుమని గంట కొట్టేది. సోపాన చిత్రం గీయడానికి పెన్సిలు చెక్కుకోవడమే ఒక కార్యక్రమం. అలాంటివాణ్ని తీసుకెళ్లి ఏపీఎల్ ముందు కూర్చోబెట్టారు.

ఏపీఎల్ పుట్టుక కొంచెం తమాషా. కెనడాలోని ఆల్బర్టాకి చెందిన కెన్నెత్ ఐవర్సన్ హార్వర్డ్‌లో పాఠం చెబుతూ, లెక్కల పద్ధతుల్ని బోర్డు మీద కురచగా రాయడానికి కొన్ని గుర్తులు కల్పించుకున్నాడు. వాటినే 1962లో 'ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' అని పుస్తకంగా వేశాడు. ఆ మూడు మాటల మొదటి అక్షరాలే భాషకి పేరయ్యాయి. అప్పటికి అది కాయితం మీది భాషే. ఐబీఎంలో ఆడిన్ ఫాల్కాఫ్, లారీ బ్రీడ్ లాంటివాళ్లు తోడయ్యాక 1966లో సిస్టం 360 కంప్యూటరు మీద నడిచింది. దాన్లో ఒక అంకెకీ, వెయ్యి అంకెల వరసకీ, గళ్ల పట్టికకీ ఒకటే మర్యాద. వెయ్యి ప్రీమియాలకి పది శాతం కలపాలంటే ఒక్కొక్కటే తీసుకో, కలుపు, పక్కన పెట్టు అని చెప్పే పనిలేదు. మొత్తం వరసని 1.1తో గుణించమంటే సరి.

అయితే ఒక చిక్కు ఉంది. ఏపీఎల్‌లో లెక్క కుడి నుంచి ఎడమకి జరుగుతుంది. ముందు గుణకారం, తర్వాత కూడిక అని బళ్లో నేర్పింది ఇక్కడ చెల్లదు. 3×2+1 అంటే ఏడు కాదు, తొమ్మిది. ఇది చూసి మా తోటి ఇంగ్లీషువాళ్లు నెలల తరబడి విసుక్కునేవారు. అంకెలది ఎడమ నడక అని మన జ్యోతిష్కులు ఎప్పటినుంచో చెబుతున్నదే కదా, మాకు అంత వింతనిపించలేదు.

మా కంపెనీకి సొంత కంప్యూటరు ఉంది గానీ దాని దగ్గరికి మమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు. టెలిఫోను తీగ మీద టైంషేరింగు అమ్మే సంస్థలు ఉండేవి, టొరంటోలో ఆ పేరు చెబితే ఐ.పి. షార్ప్ అసోసియేట్సే. కంప్యూటరు వాళ్లది, టెర్మినలు మా బల్ల మీద. వాడినదానికి బిల్లు.

ఆ టెర్మినలు గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఐబీఎం 2741 అనేవారు. చూడ్డానికి బల్లలో బిగించిన టైపురైటరు. నిజానికి ఐబీఎం వాళ్ల సెలెక్ట్రిక్ టైపు మిషనే, ఫోను తీగకి తగిలించారు. మామూలు టైపు మిషన్లో లేచి పడే కడ్డీలు దీనికి ఉండవు. నిమ్మకాయంత గుండు ఒకటి ఉంటుంది, దాని ఒంటి నిండా 88 అక్షరాలు. మీట నొక్కితే ఆ గుండు గిర్రున తిరిగి, వొంగి, రిబ్బను మీద ఠప్పున కొడుతుంది. ఉత్తరాలు కొట్టే గుండు తీసేసి ఏపీఎల్ గుండు పెట్టుకోవడం పొద్దున్నే మొదటి పని. ఆ గుండు మీద ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ వాలుగా ఉంటాయి, మిగతా జాగా అంతా బాణాలు, త్రికోణాలు, వృత్తాలు, గ్రీకు అక్షరాలు.

మన వంతు వచ్చినప్పుడు గుండు ఎడమ అంచు నుంచి ఆరు ఖాళీలు జరిగి ఆగుతుంది. టక్కుమని కీబోర్డు తాళం విడుతుంది. మనం ఒక పంక్తి కొట్టి రిటర్ను నొక్కగానే మళ్లీ తాళం పడుతుంది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత మిషను తనంతట తాను కొట్టడం మొదలుపెడుతుంది, తన జవాబు మాత్రం అంచు నుంచే. కాబట్టి ఆ కాయితం ఎన్నేళ్ల తర్వాత తీసి చూసినా అడిగిందెక్కడో, చెప్పిందెక్కడో చూడగానే తెలిసిపోతుంది. ఇంత చక్కటి ఏర్పాటు ఇప్పటి తెరల మీద నాకింకా కనపడలేదు.

88 గుర్తులు ఏపీఎల్‌కి చాలవు. అందుకని ఒకదాని మీద ఇంకొకటి కొట్టేవాళ్లం. అంకెల్ని చిన్నదాన్నుంచి పెద్దదానికి పేర్చే క్రమం కావాలంటే త్రికోణం కొట్టి, ఒక బ్యాక్‌స్పేసు నొక్కి, దాని నడినెత్తి మీంచి నిలువు గీత కొట్టాలి. త్రికోణం తలకిందులదైతే క్రమమూ తలకిందులే. నలుచదరంలో భాగహారం గుర్తు కొడితే డొమినో. చుక్కల గుంపు మధ్యనుంచి పోయే కనిష్ఠ వర్గాల గీతకి గుణకాలు ఆ ఒక్క గుర్తే తెచ్చిపెడుతుంది. విశాఖలో ఆ పనికి ఒక ప్రాక్టికల్ క్లాసు మొత్తం పట్టేది. వేలు తొందరపడితే ఆ చోటు దాకా వెనక్కి జరిగి అటెన్షన్ మీట నొక్కాలి, దానికి కుడివైపున్నదంతా రద్దు. కొత్తగా చేరినవాళ్ల వేళ్ల చప్పుడు తడబడుతుండేది. చేయి తిరిగినవాళ్లది టక్, టక్, మధ్యలో బ్యాక్‌స్పేసు క్లిక్, మళ్లీ టక్ అని ఒక తాళంలో వచ్చేది. పక్క గదిలో కూర్చుని వింటే చాలు, డొమినో కొట్టింది ఎవరో చెప్పెయ్యొచ్చు.

ఇక గ్రాఫు. నాలుగు తరగతులున్నాయి, వాటిల్లో మూడు, ఒకటి, నాలుగు, రెండు చొప్పున పాలసీలున్నాయి అనుకుందాం. ఈ వరసకి 'క' అని పేరు పెడదాం. అసలైతే పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టాలి, తెలుగు ఇక్కడ నా సౌకర్యం కోసం.

      క ← 3 1 4 2
      ' *'[1+క∘.≥⍳⌈/క]

కుడి నుంచి రండి. 'క'లో అన్నిటికన్నా పెద్దది ఎంత? నాలుగు. ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు వరసగా రాయి, ఆ పని చేసేది అయోటా అనే చిన్న గ్రీకు అక్షరం. ఇప్పుడు 'క'లోని ప్రతి అంకెనీ ఈ ప్రతి అంకెతోనూ పోల్చు. పెద్దదో సమానమో అయితే ఒకటి, కాకపోతే సున్నా. దీంతో ఒకట్లూ సున్నాలూ నిండిన గళ్ల పట్టిక వస్తుంది. దానికి ఒకటి కలిపితే రెండ్లూ ఒకట్లూ. కొటేషన్ల మధ్య ఉన్నవి రెండే అక్షరాలు, మొదటిది ఖాళీ, రెండోది నక్షత్రం. పట్టికలో ఒకటి ఉన్నచోట ఖాళీ, రెండు ఉన్నచోట నక్షత్రం తెచ్చి పెట్టు. రిటర్ను నొక్కితే మిషను ఇలా కొడుతుంది:

***
*
****
**



ఒక్క పంక్తితో హిస్టోగ్రాం. తిప్పాల్సిన చక్రాల్లేవు, గిరగిర తిరిగే లూపుల్లేవు. పక్క సెక్షన్లో ఫోర్ట్రాన్ వాళ్లు ఇదే పనికి కార్డులు పంచ్ చేయించి, కట్ట కట్టి పంపించి, ప్రింటు కోసం మర్నాటి దాకా కాచుకునేవాళ్లు. అందుకే మేమంటే వాళ్లకి కొంచెం మంట.

పైన వచ్చింది పడుకున్న హిస్టోగ్రాం. దాన్ని నిలబెట్టాలంటే రెండు గుర్తులు. వృత్తం మీద ఏటవాలు గీత కొడితే అడ్డువరసలు నిలువువరసలవుతాయి. వృత్తం మీద అడ్డగీత కొడితే పైది కిందికీ కిందిది పైకీ పోతుంది. ఏ గీత చుట్టూ పట్టిక తిరగాలో ఆ గీతే గుర్తులో ఉంటుంది. ఐవర్సన్ బుర్ర ఎలాంటిదో ఈ ఒక్క సంగతిలో తెలిసిపోతుంది. ఆయనకి 1979లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చినప్పుడు చేసిన ప్రసంగం కూడా ఇదే విషయం మీద, మంచి గుర్తులుంటే ఆలోచన ఎలా సాగుతుందో దాని మీద.

అయితే ఎన్నెన్ని ఏ తరగతిలో ఉన్నాయో తేలాక కదా నక్షత్రాలు. అసలు తగువంతా అక్కడే. పాలసీ మొత్తాల్ని ఐదు వేలతో భాగించి, భిన్నం వదిలేస్తే తరగతి నంబరు వస్తుంది. ఆ నంబర్లని తరగతులన్నిటితో సమానమా కాదా అని పోల్చి, అడ్డంగా కూడితే పౌనఃపున్యాలు. ఇదీ ఒక పంక్తే. కానీ ఆ ఐదు వేలు అనే అంకె మిషను ఇవ్వదు, మన వేలు కొట్టాలి. జనం పాలసీలు రౌండు అంకెల్లో తీసుకుంటారు. ఐదు వేలు, పది వేలు, పాతిక వేలు. తరగతులు సున్నా దగ్గర మొదలుపెడితే ఆ కుప్పలన్నీ సరిగ్గా హద్దుల మీద కూర్చుంటాయి. పది వేల పాలసీలన్నీ పది నుంచి పదిహేను వేల గూట్లో పడతాయి, చూసినవాడు ఆ గూడంతా సమంగా నిండి ఉందనుకుంటాడు. సీనియర్లు అలాగే వెయ్యాలనేవారు, ఎప్పుడూ అలాగే వేశారు కాబట్టి.

మా సెక్షన్లో ఒక గుంటూరాయన ఉండేవాడు, నాకన్నా చాలా పెద్దవాడు. ఆయన టీ కప్పు పట్టుకుని వెనక నుంచుని అన్నాడు: "కుప్ప మీద గట్టు వేస్తావుటయ్యా? గట్టు పక్కకి జరుపు, కుప్ప మడి మధ్యలోకి వస్తుంది."

"జరిపితే పాత రిపోర్టులతో పోల్చడానికి కుదరదంటున్నారండీ."

"మన సెన్సస్‌లో వయసులు చూశావుగా? నలభై, నలభై ఐదు, యాభై దగ్గర జనం ఎందుకంత ఎక్కువ? ఆ ఏడు ఎక్కువమంది పుట్టారనా? ముందు అంకె ఎక్కడ పోగుపడుతుందో చూడు, పోల్చడం తర్వాత."

తరగతుల్ని రెండున్నర వేల దగ్గర మొదలుపెట్టి మళ్లీ కొట్టించాం. బొమ్మ పూర్తిగా మారిపోయింది. సీనియర్లు ఒప్పుకోవడానికి మరో వారం పట్టిందనుకోండి, అది వేరే కథ.

అసలు ఇంత వాదనకి సమయం ఎక్కడిదంటే, ఆ సమయం మిషను ఇచ్చిందే. 2741 సెకనుకి పదిహేను అక్షరాలకి మించి కొట్టలేదు. అరవై అక్షరాల వెడల్పు, నలభై పంక్తుల ఎత్తు బొమ్మ అంటే రెండున్నర నిమిషాలకు పైన. అంతసేపూ బిల్లు తిరుగుతూనే ఉంటుంది. అందుకని రిటర్ను నొక్కేముందు ఆలోచించేవాళ్లం. ఒక నక్షత్రానికి ఎన్ని పాలసీలు? ఇరవై అనుకుంటే, మూడే పాలసీలున్న తరగతి సంగతేమిటి? కిందికి సవరిస్తే అక్కడ ఏమీ లేనట్టు కనపడుతుంది. పైకి సవరిస్తే కనీసం ఒక నక్షత్రం పడుతుంది. పెద్ద మొత్తాల పాలసీలు అలాంటి తోక తరగతుల్లోనే ఉంటాయి, కంపెనీ డబ్బు పోయేదీ అక్కడే. మేం పైకే సవరించేవాళ్లం, కింద ఆ సంగతి రాసేవాళ్లం. టైపు మిషను అంగుళానికి అడ్డంగా పది అక్షరాలు, నిలువుగా ఆరు పంక్తులు కొడుతుంది. అది గుర్తుంచుకోకుండా అటూ ఇటూ ఒకే సంఖ్యలో గళ్లు వేస్తే వృత్తం గుడ్డయిపోతుంది. చతురస్రంగా రావాలంటే వెడల్పు అరవై అయితే ఎత్తు ముప్పై ఆరు.

జాగా కూడా లెక్కే. మొదట్లో ఒక్కొక్కరికి ఇచ్చే పనిచోటు 32 కిలోబైట్లు. దాన్లోనే డేటా, ప్రోగ్రాం, మధ్యలో పుట్టే పట్టికలు అన్నీ. నిండిపోతే 'డబ్ల్యుఎస్ ఫుల్' అని రెండు మాటలు కొట్టి ఊరుకుంటుంది. ఒకట్లూ సున్నాల పట్టికని బిట్టుకి ఒకటి చొప్పున సర్దుతుంది కాబట్టి ఏదో నెట్టుకొచ్చాం.

ప్రతిదీ మేమే కట్టేవాళ్లం అనుకోకండి. ఐబీఎం ఇచ్చిన లైబ్రరీలో 'ప్లాట్‌ఫార్మాట్' అని ఒకటి ఉండేది. బొమ్మ కొలతలు కొట్టి, 'ప్లాట్' అని, తర్వాత 'వై వర్సెస్ ఎక్స్' అని మామూలు వాక్యంలా కొడితే అక్షాలతో, అంకెలతో చుక్కల పటం వచ్చేది. మధ్యలో 'ఆండ్' పెట్టి రెండో వరస కలిపితే దానికి ఇంకో గుర్తు వేసేది. రెండు చుక్కలు ఒకే గడిలో పడితే ఒక్కటే కనపడుతుంది, అది తప్పేది కాదు. అలాంటిచోట కొందరు నక్షత్రం బదులు ఎన్ని చుక్కలున్నాయో ఆ అంకే కొట్టించేవారు. 1977లో జాన్ ట్యూకీ పుస్తకం వచ్చాక కాండం-ఆకు పటాల పిచ్చి పట్టుకుంది. 42, 45, 47 ఉంటే నాలుగు రాసి, గీత గీసి, 2 5 7. నక్షత్రం బదులు అసలు అంకెలే బొమ్మవుతాయి. టైపు మిషను కోసమే పుట్టిందా అన్నట్టుండేది.

తర్వాత డైసీ వీలు టెర్మినళ్లు వచ్చాయి. గుండు బదులు చక్రం, చక్రానికి రేకులు, రేకుకో అక్షరం. అడ్డంగా అంగుళంలో 120వ వంతు, నిలువుగా 48వ వంతు జరగగలవు. దాంతో ఫుల్‌స్టాపులు కొట్టుకుంటూ వంకరగీత గీయించడం మొదలైంది. చప్పుడు మారింది, గింజలు వేగినట్టు చిటచిటమని ఒకటే మోత. మిగతా అక్షరాలన్నీ కొత్తగా ఉండగానే చుక్క రేకు అరిగిపోయేది. ఆపైన పెన్ను ప్లాటర్లు. ఆరు రంగుల పెన్నులు వాటంతటవే మార్చుకునే హ్యూలెట్ ప్యాకార్డ్ మిషను దగ్గర డైరెక్టర్లు కూడా వచ్చి నిలబడేవారు. మూత పెట్టడం మర్చిపోతే మర్నాటికి పెన్ను ఎండిపోయేది.

ఇక్కడ ఒకటి చెప్పాలి. మా నక్షత్రాల గ్రాఫులు రాకముందు ఆ ఆఫీసులోనే ఒక డ్రాఫ్టింగ్ గది ఉండేది. లెరాయ్ పలకలు పెట్టి ఇండియా ఇంకుతో అక్షరాలు దిద్దేవారు. చారల షీట్లు అతికించి కడ్డీలు నింపేవారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్ల గ్రాఫుల పక్కన మావి పెడితే మావి దిష్టిబొమ్మల్లా ఉండేవి. అయినా వాళ్లకి మూడు రోజులు, మాకు మూడు నిమిషాలు. ఆ గది ఖాళీ అవుతుంటే మాలో ఎవరం బాధపడలేదు, ఆ జాగాలో మాకు ఇంకో టెర్మినలు వస్తుందా అని చూశాం. కాబట్టి గుండు మిషను పోయిందని నేను పెద్దగా శోకాలు పెట్టను.

పోవడం కూడా ఒక్కరోజులో జరగలేదు. తెరలొచ్చాయి, సొంత కంప్యూటర్లు వచ్చాయి, స్ప్రెడ్‌షీట్లు వచ్చాయి. తెర మీద ఏపీఎల్ గుర్తులు రావాలంటే ప్రత్యేకమైన చిప్పులు కావాల్సి వచ్చేది, కొనేవాళ్లు తగ్గారు. ఐ.పి. షార్ప్‌ని 1987లో రాయిటర్స్ కొనేసింది. ఐవర్సనే గుర్తులన్నీ వదిలేసి, రోజర్ హుయితో కలిసి 1990లో మామూలు కీబోర్డు అక్షరాలతో 'జే' అనే భాష చేశాడు. అందులో గ్రాఫుకి 'ప్లాట్' అంటే చాలు, రంగుల్లో తెర మీదికొస్తుంది. ఏపీఎల్ ఆలోచన మాత్రం చావలేదు. ఇప్పటి లెక్కల లైబ్రరీ నంపైలో వరసల్ని మొత్తంగా పట్టుకుని లెక్క చేసే పద్ధతి ఆ వంశానిదే. సీ ప్లస్ ప్లస్‌లోనూ, గో భాషలోనూ అయోటా అన్న పేరు ఇప్పటికీ ఉంది.

లాభం చిన్నదేం కాదు. ఇరవై లక్షల చుక్కల్ని ఒక్క క్షణంలో వెయ్యొచ్చు. పది రకాలుగా గీసి చూసి నచ్చింది ఉంచుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. మాకు వారం పట్టిన తగువు పావుగంటలో తేలిపోవచ్చు. కానీ తేల్చుకునేవాళ్లు నాకు అరుదుగానే కనపడుతున్నారు. చూడటం చవకయ్యేసరికి ఒక్కసారి చూసి వదిలేస్తున్నారు. మా నిదానంలో గొప్పతనమేమీ లేదు, బిల్లుకి భయపడి ఆలోచించాం. ఆ భయం పోయినందుకు సంతోషమే. దాంతోపాటు ఆలోచనా పోయిందేమో అన్నదే నా అనుమానం.

మీరు సరదాకి చూడాలనుకుంటే దారులున్నాయి. ఏపీఎల్ 360 అసలు సోర్సు కోడుని కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2012లో అందరికీ అందుబాటులో పెట్టింది. డయాలాగ్ ఏపీఎల్ సొంత సరదాకి వాడుకుంటే ఉచితం. గుర్తులన్నీ యూనికోడ్‌లో ఉన్నాయి, గుండు మార్చే పనిలేదు. పైన నేను రాసిన రెండు పంక్తుల్నీ డయాలాగ్‌లో పెట్టి నడపండి. 'క' బదులు ఒక ఇంగ్లీషు అక్షరం పెట్టుకోవడం మర్చిపోకండి.